డెబ్బై దాటాక పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కీమో: తట్టుకోవడం దేనిమీద ఆధారపడుతుంది

మీరు రాసిన వివరాలు ఇవి. నాన్నగారికి 74 ఏళ్ళు. బరువు 52 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు. షుగరు, బీపీ ఉన్నాయి. పెద్దపేగులో కుడివైపు భాగం తీసేసి నాలుగు వారాలైంది. రిపోర్టులో టీ3 అని ఉంది (గడ్డ పేగు గోడలోని కండరం పొర దాటిందని అర్థం), 18 లింఫ్ గ్రంథులు చూస్తే రెండింటిలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. క్రియాటినిన్ 1.1, హిమోగ్లోబిన్ 10.6. ఒక డాక్టరు కేపాక్స్ అన్నారు, ఇంకొకరు మాత్రలు చాలన్నారు, చుట్టాలేమో ఈ వయసులో కీమో ఎందుకంటున్నారు. ఆయన తట్టుకోగలరా, ఏది ఇప్పించాలి, ఇంట్లో ఏం కనిపెట్టుకుని ఉండాలి అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. 74 అనే అంకె చూసి కీమో వద్దనకూడదు. గ్రంథుల్లో కణాలున్నాయి కదా అని యాభై ఏళ్ళ మనిషికి రాసే మోతాదు రాయనూ కూడదు. ఈ వైద్యంలో రెండు మందులున్నాయి. అసలు బలమంతా 5-ఎఫ్‌యూది. దాన్ని సెలైన్‌లో ఎక్కిస్తారు, లేదా దాని మాత్ర రూపమైన కేపెసిటబిన్ ఇస్తారు. డెబ్బై దాటినవాళ్ళలోనూ దీని లాభం నిలబడింది. దానికి పైన కలిపేది ఆక్సాలిప్లాటిన్ ఇంజెక్షన్. రెండూ కలిస్తే కేపాక్స్ లేదా ఫోల్‌ఫాక్స్. ఈ వయసులో ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అని తర్జనభర్జన పడాల్సింది ఈ రెండోదాని గురించే.

2001లో ఏడు ట్రయల్స్‌లోని 3,351 మంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. ఆపరేషన్‌తో సరిపెట్టినవాళ్ళలో ఐదేళ్ళకు 64 శాతం బతికి ఉంటే, 5-ఎఫ్‌యూ కూడా తీసుకున్నవాళ్ళలో 71 శాతం ఉన్నారు. నూరు మందిని ఎదురుగా నిలబెట్టి చూసుకోండి. 64 మంది కీమో లేకపోయినా ఉండేవాళ్ళే. 29 మందిని కీమో కూడా కాపాడలేకపోయింది. మధ్యలో ఉన్న ఆ ఏడుగురి కోసమే అందరికీ ఇస్తున్నాం. అందులో రెండో స్టేజి వాళ్ళు కూడా కలిసి ఉన్నారు. నాన్నగారిలా గ్రంథుల్లోకి వెళ్ళిన మూడో స్టేజిలో లాభం ఇంతకంటే ఎక్కువే. డెబ్బై దాటినవాళ్ళకు లాభం తగ్గలేదని కూడా అదే విశ్లేషణ చూపించింది. ఒక్క జాగ్రత్త: ట్రయల్స్‌లో చేరేవాళ్ళు వయసుకు మించి గట్టిగా ఉన్నవాళ్ళు. ఎనభై దాటినవాళ్ళు అందులో ఒక శాతం కూడా లేరు. మంచం దిగడానికి ఇద్దరు సాయం పట్టాల్సిన మనిషికి ఆ అంకెలు వర్తించవు.

ఆక్సాలిప్లాటిన్ సంగతి వేరు. మొజాయిక్ అనే పెద్ద ట్రయల్‌లో మొత్తం మీద దీనివల్ల లాభం కనిపించింది. మూడో స్టేజి వాళ్ళలో ఆరేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు 68.7 నుంచి 72.9 శాతానికి పెరిగారు. కానీ 70 దాటినవాళ్ళను విడదీసి చూస్తే ఆ తేడా స్పష్టంగా నిలబడలేదు. ఎన్ఎస్ఏబీపీ సీ-07 అనే అమెరికన్ ట్రయల్‌లోనూ ఇదే ధోరణి. కేపాక్స్‌తో చేసిన ట్రయల్‌లో మాత్రం పెద్దవాళ్ళలో కొద్దిపాటి లాభం మిగిలినట్టు కనిపించింది. అంటే ఇది పనికిరాదని కాదు, కచ్చితంగా ఇచ్చి తీరాలనీ కాదు. మీరు కలిసిన ఇద్దరు డాక్టర్లు చెప్పినవీ వైద్యంలో నిలబడే మాటలే. ఏది మీ నాన్నగారికి సరిపోతుందో తేల్చేది ఆయన ఒళ్ళు.

ఇప్పుడు కిడ్నీ దగ్గరికి వద్దాం. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ల్యాబ్ కాగితం మీద క్రియాటినిన్ 1.1 అని ఉంటే పక్కన నార్మల్ అనే ఉంటుంది. పెద్దవాళ్ళలో కండ తగ్గిపోతుంది కాబట్టి క్రియాటినిన్ తయారవడమే తక్కువ. కిడ్నీ సగమే పనిచేస్తున్నా అంకె మామూలుగానే కనిపిస్తుంది. అందుకే లెక్క కట్టాలి: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని మళ్ళీ 0.85తో గుణించాలి. నాన్నగారికి 66ను 52తో గుణిస్తే 3,432. 72ను 1.1తో గుణిస్తే 79.2. భాగిస్తే నిమిషానికి 43 మిల్లీలీటర్లు. దీన్నే క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు. కేపెసిటబిన్‌కు 30 నుంచి 50 మధ్య ఉంటే మోతాదు మొదటి రోజు నుంచే 75 శాతానికి తగ్గించాలి. 30 కంటే తక్కువైతే ఆ మాత్ర ఇవ్వనే కూడదు.

ఇది మాత్రల లెక్కలో ఎలా కనిపిస్తుందో చూడండి. ఎత్తు, బరువు బట్టి ఆయన శరీర ఉపరితలం సుమారు 1.52 చదరపు మీటర్లు. పుస్తకంలో రాసిన పూర్తి మోతాదు, అంటే చదరపు మీటరుకు 1,250 మిల్లీగ్రాములు వేస్తే పూటకు 1,900, అంటే 500వి దాదాపు నాలుగు మాత్రలు. కిడ్నీ లెక్క ప్రకారం తగ్గిస్తే 1,425, అంటే పూటకు మూడు. అదే కేపాక్స్‌లో అయితే మొదలయ్యేదే 1,000 దగ్గర. దాన్ని తగ్గిస్తే పూటకు 1,140, అంటే 500వి రెండు, 150ది ఒకటి. పూటకు ఒక్క మాత్ర తేడానే కదా అనిపిస్తుంది. రెండో వారానికి మనిషి ఇంట్లో ఉంటాడా, విరేచనాలతో హాస్పిటల్లో ఉంటాడా అన్నది చాలాసార్లు ఆ ఒక్క మాత్రే తేలుస్తుంది. ప్రిస్క్రిప్షన్ రాసేటప్పుడు క్రియాటినిన్ క్లియరెన్స్ ఎంత వచ్చిందో డాక్టరుగారిని అడగండి. అది అడగదగ్గ ప్రశ్నే, ఎవరూ తప్పు పట్టరు.

తట్టుకోగలరా అన్నదానికి నోటిమాటగా జవాబు చెప్పకుండా లెక్క కట్టే పద్ధతి కూడా ఉంది. 65 దాటినవాళ్ళ కోసం చేసిన కార్గ్ స్కోరు అది. వయసు 72 నిండితే 2. జీర్ణకోశ క్యాన్సర్ అయితే 2. పూర్తి మోతాదుతో మొదలుపెడితే 2. ఒకటి కంటే ఎక్కువ కీమో మందులైతే 2. హిమోగ్లోబిన్ మగవాళ్ళలో 11, ఆడవాళ్ళలో 10 కంటే తక్కువుంటే 3. క్రియాటినిన్ క్లియరెన్స్ 34 కంటే తక్కువుంటే 3. గత ఆరు నెలల్లో ఒక్కసారైనా జారిపడితే 3. వినికిడి మందగిస్తే 2. వీధి చివరిదాకా నడవలేకపోతే 2. మందులు వేసుకోవడానికి ఒకరి సాయం కావాల్సి వస్తే 1. ఒంట్లో బాగాలేక నలుగురిలోకి వెళ్ళడం మానేస్తే 1. మొత్తం 5 లోపు వచ్చినవాళ్ళలో తీవ్రమైన ఇబ్బంది 30 శాతం మందికి, 6 నుంచి 9 వచ్చినవాళ్ళలో 52 శాతం మందికి, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్ళలో 83 శాతం మందికి వచ్చింది.

నాన్నగారికి వేసి చూద్దాం. పూర్తి మోతాదు కేపాక్స్ అయితే వయసు 2, క్యాన్సర్ 2, మోతాదు 2, రెండు మందులు 2, హిమోగ్లోబిన్ 3. మొత్తం 11. జారిపడటం, చెవుడు ఇంకా కలపనేలేదు. అదే తగ్గించిన మోతాదులో కేపెసిటబిన్ ఒక్కటే అయితే 7. ఒకే మనిషి, ఒకే జబ్బు. మందు ఎంచుకోవడంలోనే అంత తేడా వచ్చింది. హిమోగ్లోబిన్ పెంచినంత మాత్రాన ముప్పు ఆ మూడు పాయింట్ల మేరకు తగ్గిపోతుందని ఈ లెక్క హామీ ఇవ్వదు. అయినా పెంచాల్సిందే, ఎందుకంటే నీరసానికి అదీ ఒక పెద్ద కారణం. కుడివైపు పెద్దపేగు క్యాన్సర్‌లో నెలల తరబడి కనపడకుండా రక్తం పోతుంది కాబట్టి ఐరన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. ఫెరిటిన్ పరీక్ష చేయించి, తక్కువుంటే ఐరన్ సెలైన్‌లో ఎక్కించమని అడగండి. మాత్రలతో నెలలు పడుతుంది, పైగా కడుపు పాడవుతుంది.

ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కీమో మొదలవ్వాలి. ప్రతి నాలుగు వారాల ఆలస్యానికీ ఫలితం కొంత తగ్గుతుంది, పన్నెండు వారాలు దాటితే లాభం మీద నమ్మకం పలచబడుతుంది. మీకు ఇంకా రెండు నుంచి నాలుగు వారాలున్నాయి. ఇవి ఊరికే గడిచిపోయే రోజులు కావు. డెన్మార్క్‌లో 70 దాటిన పెద్దపేగు క్యాన్సర్ రోగులతో చేసిన జెరికో ట్రయల్‌లో ఒక జట్టుకు కీమోతోపాటు పోషణ, వ్యాయామం, మందుల సవరణ, మిగతా జబ్బుల చికిత్స పెద్దవాళ్ళ వైద్య నిపుణులతో చేయించారు. అనుకున్న కీమో పూర్తిచేసినవాళ్ళు ఆ జట్టులో 45 శాతం, మామూలు జట్టులో 28 శాతం. కొత్త మందేమీ కలపలేదు.

ఇంట్లో చేయాల్సింది ఇదే. కిలో బరువుకు రోజూ 1.2 గ్రాముల ప్రోటీన్ తక్కువ కాకుండా చూడాలి, అంటే ఆయనకు 62 గ్రాములకు పైనే. ఒక గుడ్డుకు ఆరు గ్రాములు. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, మధ్యాహ్నం చేపో చికెనో పడితే అందుతుంది. జబ్బు మనిషని రాగి జావ, చారన్నంతో సరిపెడితే సగం కూడా అందదు. కిడ్నీ బాగోలేదని ఎవరైనా పప్పూ గుడ్డూ మాన్పించి ఉంటే ఆ మాట డాక్టరుగారి ముందు పెట్టండి. క్లియరెన్స్ 43 ఉన్న మనిషికి ఈ సమయంలో కండ కరిగిపోవడమే పెద్ద ప్రమాదం. నడక పొద్దున, సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టండి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి, రోజుకు రెండు విడతలు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోడానికి ఎంత పడుతుందో ఫోన్‌లో టైము చూడండి. 12 సెకన్లు దాటితే పడిపోయే ముప్పు ఉన్నట్టు. వారం వారం రాసి పెట్టుకోండి, కీమో మధ్యలో మోతాదు మార్చాలా అన్నప్పుడు డాక్టరుకు పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సిన కాగితాలు కొన్ని. ఎంఎంఆర్ పరీక్ష అన్నిటికంటే ముందు. కణాల డీఎన్ఏలో పడే తప్పులను సరిదిద్దే వ్యవస్థ గడ్డలో పనిచేస్తోందో లేదో ఇది చెబుతుంది. తీసిన పేగు ముక్క మీదే చేస్తారు. వయసు మళ్ళినవాళ్ళలో, అందులోనూ కుడివైపు గడ్డల్లో ఎంఎంఆర్ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. లోపం ఉన్న గడ్డల మీద 5-ఎఫ్‌యూ ఒక్కటే పెద్దగా పనిచేయదు. రెండో స్టేజి అయితే కీమో అక్కర్లేదనే చెబుతారు. మూడో స్టేజిలో మాత్రలు ఒక్కటే చాలన్న నిర్ణయం అప్పుడు తారుమారవుతుంది, ఆక్సాలిప్లాటిన్ మళ్ళీ లెక్కలోకి వస్తుంది, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) గురించి కూడా మాట్లాడాల్సి ఉంటుంది. కాబట్టి ఈ రిపోర్టు రాకుండా మాత్రలా కేపాక్సా అని వాదించుకోవద్దు. హెపటైటిస్ బి పరీక్ష, ఈసీజీ తప్పనిసరి.

డీపీడీ పరీక్ష గురించి కూడా అడగండి. 5-ఎఫ్‌యూను విరిచేసే డీపీడీ అనే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. వాళ్ళకు మామూలు మోతాదు విషమవుతుంది. యూరప్‌లో 2020 నుంచి కీమోకు ముందే చూడమంటున్నారు. మన దగ్గర అన్నిచోట్లా చేయరు. చేసినా, యూరప్ వాళ్ళ జన్యుమార్పుల కోసం తయారుచేసిన పరీక్ష కాబట్టి బాగుందని వచ్చినంత మాత్రాన పూర్తి భరోసా కాదు. మొదటి సైకిల్లో (మందు వేసే రోజులు, తర్వాత ఆపే రోజులు కలిపి ఒక సైకిల్) మొదటి వారంలోనే నోరంతా పూసి, విరేచనాలు పట్టుకుంటే దీన్నే అనుమానించాలి. మాత్ర ఆపి ఆ రోజే హాస్పిటల్‌కు వెళ్ళాలి.

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. చీటీ రాసుకెళితే టానిక్కులు మర్చిపోతారు. వెతకాల్సింది ఫోలిక్ యాసిడ్. బలానికని ఇచ్చే బి-కాంప్లెక్స్, తిమ్మిర్లకు ఇచ్చే మిథైల్‌కోబాలమిన్ మాత్రలు, ఐరన్ మాత్రలు చాలావాటిలో అది కలిసే ఉంటుంది. కేపెసిటబిన్‌తో పడితే విరేచనాలు, నోటి పూత ఎక్కువవుతాయి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చదవండి. వార్ఫరిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యూరినాల్ ఉంటే ముందే చెప్పాలి. ఆకు పసర్లు, కషాయాలు ఈ కొన్ని నెలలూ ఆపేయండి. లివర్ పరీక్షలో తేడా వస్తే కారణం ఏదో తెలియక అసలు మందు ఆపాల్సి వస్తుంది.

ఇక మొదటి మూడు వారాలు. కేపెసిటబిన్ పద్నాలుగు రోజులు వేసి ఏడు రోజులు ఆపుతారు. భోజనం అయిన అరగంటలోపు, మంచినీళ్ళతో, పన్నెండు గంటల ఎడంతో వేయాలి. ఒక పూట మర్చిపోతే వదిలేయాలి, తర్వాతి పూట రెండింతలు వేయకూడదు. మందుల షాపులో బ్రాండు మార్చి ఇస్తే 500దా 150దా అని ప్రతిసారీ చూడండి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడ జరుగుతుంది. కోర్సు మధ్యలో ఆపకూడదు అన్న మాట మన ఇళ్ళలో యాంటీబయాటిక్స్ వల్ల బాగా నాటుకుపోయింది. అందుకని విరేచనాలు అవుతున్నా పెద్దవాళ్ళు పంటి బిగువున మాత్రలు వేసుకుంటూ పోతారు, పైగా పిల్లల్ని కంగారు పెట్టడం ఇష్టం లేక చెప్పరు. ఈ మాత్ర యాంటీబయాటిక్ కాదు. రెండు మూడు రోజులు ఆపితే క్యాన్సర్ తిరగబెట్టదు. ఆపకపోతే మాత్రం మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువ వెళ్ళినా, రాత్రి నిద్రలేచి వెళ్ళాల్సి వచ్చినా, నోరు పూసి అన్నం మింగలేకపోయినా ఆ పూట నుంచే ఆపి ఫోన్ చేయాలి. ఆపిన రోజుల మాత్రలను తర్వాత కలపకూడదు.

మామూలు అంటే ఎంతో ముందే తెలిసి ఉండాలి. కుడివైపు పేగు తీసినవాళ్ళకు కీమో లేకపోయినా రోజుకు మూడు నాలుగుసార్లు పలచగా అవ్వొచ్చు. కీమోకు ముందు వారం రోజులు ఎన్నిసార్లు వెళుతున్నారో క్యాలెండర్ మీద గీతలు పెట్టండి. ఆ అంకె మీద నాలుగు ఎక్కువైతే అన్నది లెక్క.

విరేచనాలు మొదలైతే లోపెరమైడ్ 2 మిల్లీగ్రాములవి ముందు రెండు, తర్వాత పలచగా అయిన ప్రతిసారీ ఒకటి. రోజుకు ఎనిమిది దాటకూడదు. జ్వరం గానీ, రక్తం గానీ ఉంటే ఇది వేయకుండా హాస్పిటల్‌కు వెళ్ళాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుకు చెంచాడు చొప్పున కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ మంచివే. ఇక బీపీ, షుగరు మందులు. టెల్మిసార్టాన్ లాంటివి, నీరు పోయే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి వేస్తే కొద్ది రోజుల్లోనే కిడ్నీ దెబ్బతినొచ్చు, అప్పుడు మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని ప్రమాదమవుతుంది. కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో ఉన్న కేపెసిటబిన్ ఇంకా విషమవుతుంది. ఒకదాన్నొకటి లాక్కుపోతాయి. విరేచనాలు, వాంతులు అవుతున్న రోజుల్లో వీటిలో ఏవి ఆపాలో ముందే డాక్టరుగారితో కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఇన్సులిన్ మాత్రం మీకు మీరుగా ఆపొద్దు.

కేపాక్స్ అయితే ఇంజెక్షన్ రోజున వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. దాంతో రెండు మూడు రోజులు షుగరు బాగా పెరుగుతుంది, గ్లూకోమీటర్‌తో రోజుకు రెండుమూడుసార్లు చూడాలి. వాంతులకే ఓలాంజపిన్ రాస్తే తక్కువ మోతాదులో, రాత్రి పడుకోబోయే ముందు ఇవ్వమనండి. మత్తులో బాత్‌రూమ్‌కు లేచి పడిపోవడం పెద్దవాళ్ళలో తరచూ జరిగేదే.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషికి ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ముసలితనంలో జ్వరం రాకుండా కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు. ఉన్నట్టుండి మత్తుగా పడుకోవడం, మాట తడబడటం, చేతులు చల్లబడటం కూడా జ్వరంతో సమానమే. ఇంకొకటి, ఛాతీలో నొప్పి. కేపెసిటబిన్ కొందరిలో గుండె రక్తనాళాలను బిగుసుకునేలా చేస్తుంది. గ్యాస్ అనుకుని జెలుసిల్ తాగించి ఊరుకోకూడదు. మాత్ర ఆపాలి, వెంటనే ఈసీజీ తీయించాలి.

అరచేతులు, అరికాళ్ళు నల్లబడటం మనవాళ్ళలో చాలామందికి ఉంటుంది, ఒక్క నలుపుకే భయపడక్కర్లేదు. మంట, పగుళ్ళు, పొట్టు రేగడం వచ్చాకే మోతాదు మాట. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేసిన ట్రయల్‌లో ఒక శాతం డైక్లోఫెనాక్ జెల్ చేతులకు రోజూ రెండు పూటలా రాస్తే ఈ ఇబ్బంది 15 శాతం నుంచి 3.8 శాతానికి తగ్గింది. మెడికల్ షాపులో దొరికే నొప్పుల జెల్లే అది. కిడ్నీ బలహీనంగా ఉంది కాబట్టి డాక్టరును అడిగి వాడండి, డైక్లోఫెనాక్ మాత్ర మాత్రం ముట్టొద్దు. వేన్నీళ్ళ గిన్నెలు, ఎండకు కాలిన గుడి మెట్ల మీద వట్టికాళ్ళ నడక, బిగుతు చెప్పులు మానాలి.

ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. ఈ మాత్రతో కొందరికి వేలిముద్రలు చెరిగిపోతాయి. పింఛను దగ్గర, రేషన్ షాపులో, బ్యాంకులో మెషిన్ మీద వేలు పెడితే పడదు. ముందుగానే ఆధార్‌లో కనుపాప, ముఖం నమోదు సరిగా ఉన్నాయో చూసుకోండి. మందు ఆపాక కొన్ని వారాల్లో ముద్రలు తిరిగి వస్తాయి.

ఆక్సాలిప్లాటిన్ ఇప్పిస్తే రెండు రకాల ఇబ్బంది ఉంటుంది, వాటిని కలిపేసుకోవద్దు. మొదటిది చల్లదనానికి వచ్చే షాకు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులపాటు పొద్దున్నే స్టీలు చెంబు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లటి నీళ్ళు గుటక వేస్తే గొంతు పట్టేసి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. ప్రాణభయం లేదు, గోరువెచ్చటి నీళ్ళు తాగితే సర్దుకుంటుంది. రెండోది మెల్లగా పేరుకునే తిమ్మిరి. దీనికే భయపడాలి. సైకిల్‌కు సైకిల్‌కు మధ్య కూడా పోకుండా నిలబడిపోతే అది హెచ్చరిక. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పర్సులోంచి రూపాయి బిళ్ళను చూడకుండా తీయడం ప్రతి సైకిల్‌కు ముందు చేయించి చూడండి. గుండీకి తడుముకుంటున్నారంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, ఆక్సాలిప్లాటిన్ ఆపి మాత్రలు కొనసాగించవచ్చు. ఆపాక కూడా రెండు మూడు నెలలు తిమ్మిరి ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి అంచు దాకా ఆగకూడదు. షుగరుతో ముందే అరికాళ్ళు మొద్దుబారిన మనిషికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. అరికాళ్ళ స్పర్శ పోయిన ముసలి మనిషి పడతాడు, పడితే తుంటి విరుగుతుంది. నాన్నగారికి ఇప్పటికే తిమ్మిర్లుంటే నా మొగ్గు మాత్రల వైపే.

ఎన్ని నెలలన్నది కూడా మందుతోపాటే మారుతుంది. 2018లో వచ్చిన ఐడియా అధ్యయనంలో 12,834 మందిని చూశారు. టీ3 వరకూ ఉండి, ఒకటి నుంచి మూడు గ్రంథులే పాజిటివ్ అయినవాళ్ళకు కేపాక్స్ మూడు నెలలు, అంటే నాలుగు సైకిళ్ళు, ఆరు నెలలకు దాదాపు సమానంగా పనిచేసింది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన తిమ్మిర్లు 45 శాతం నుంచి 15 శాతానికి పడిపోయాయి. నాన్నగారు ఈ కోవలోకే వస్తారు. కానీ ఆ మూడు నెలల వెసులుబాటు ఆక్సాలిప్లాటిన్ కలిసినప్పుడే. మాత్రలు ఒక్కటే అయితే ఆరు నెలలు, ఎనిమిది సైకిళ్ళు. ఈ రెంటినీ కలిపేసి మాత్రలు కూడా మూడు నెలలకే ఆపేయడం సరికాదు.

కాబట్టి మీ ముందున్నవి ఇవి. ఎంఎంఆర్ లోపం లేకుండా, తిమ్మిర్లు గానీ ఉంటే, నడక 12 సెకన్లు గానీ దాటుతుంటే, తగ్గించిన మోతాదులో కేపెసిటబిన్ ఆరు నెలలు. నడక చురుగ్గా ఉండి, పాదాల స్పర్శ బాగుండి, ఆయనే గట్టిగా చేయించుకుంటానంటే, తగ్గించిన మోతాదులో కేపాక్స్ నాలుగు సైకిళ్ళు. మొదటి సైకిల్ తేలిగ్గా గడిస్తే రెండో దాంట్లో కొంచెం పెంచొచ్చు. ఎక్కువతో మొదలుపెట్టి హాస్పిటల్లో పడ్డాక తగ్గించడం కంటే ఇది మేలు. అలా పడ్డవాళ్ళలో చాలామంది మళ్ళీ కీమో వైపు చూడరు. మతిమరుపు ఉండి, ఇంట్లో పగలు ఎవరూ లేకపోతే మాత్రలు ప్రమాదమే. అప్పుడు హాస్పిటల్లో ఎక్కించే 5-ఎఫ్‌యూ మంచిది. ఇవన్నీ విని కూడా ఆయన వద్దంటే అది కూడా తెలివైన మనిషి తీసుకున్న నిర్ణయమే. ఆ నూరు మంది లెక్క ఆయనకే చెప్పండి, పక్క గదిలో మీలో మీరు తేల్చుకోకండి.

ఖర్చు విషయానికొస్తే, 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 70 నిండినవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. రాష్ట్ర ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే హాస్పిటల్లో ఆరోగ్యమిత్రను కలిసి ఏ పథకంలో కీమో మాత్రలు కూడా వస్తాయో ముందే తేల్చుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌లలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఆపరేషన్ నోట్సు, పూర్తి బయాప్సీ రిపోర్టు, వాక్స్ బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి) వెంట ఉండాలి.

ప్రతి సైకిల్‌కు ముందు రోజు రక్త పరీక్షలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు 1,500, ప్లేట్‌లెట్లు 75,000 దాటి ఉండాలి, లేకపోతే వారం ఆగుతారు. దానికి కంగారు పడొద్దు. క్రియాటినిన్, బరువు కూడా ప్రతిసారీ చూడాలి, క్లియరెన్స్ కొత్తగా లెక్క కట్టాలి. మూడు కిలోలు తగ్గితే మోతాదు లెక్క మారిపోతుంది.

కీమో అయిపోయాక మూడు నెలలకోసారి సీఈఏ రక్త పరీక్ష (జబ్బు తిరగబెడుతోందేమో పసిగట్టడానికి), డాక్టరు చెప్పినట్టు స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ. ఆపరేషన్‌కు ముందు గడ్డ అడ్డుపడి పేగు మొత్తం చూడలేకపోయి ఉంటే ఏడాది ఆగకుండా మూడు నుంచి ఆరు నెలల్లోనే చేయించాలి. నడక మాత్రం ఆపకండి. 2025లో వచ్చిన ఛాలెంజ్ ట్రయల్‌లో కీమో పూర్తయినవాళ్ళతో మూడేళ్ళపాటు పద్ధతిగా వ్యాయామం చేయిస్తే, ఐదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు 73.9 నుంచి 80.3 శాతానికి పెరిగారు.